స్నానాల గది తలుపు

చూళైలో మా పదకొండు వాటాల ఇల్లు పడగొడుతుంటే
మేస్త్రీ అడిగాడు, ఏమైనా కావాలామ్మా అని.
కిటికీలు అప్పటికే పుదుపేట బండెక్కాయి.
బర్మా టేకు దూలాలకు ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారు.
మిగిలింది స్నానాల గది తలుపు.
అడుగున జానెడు మేర
టీలో ముంచిన రొట్టెలా మెత్తబడిపోయింది.
దాన్ని ఎవరూ బేరమాడలేదు.
ఆటోకి నూట ఎనభై ఇచ్చి పెరంబూరు తెచ్చుకున్నాను.

ధనకోటి మామ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో
ముప్పై ఒక్క ఏళ్ళు బెర్తులు బిగించిన మనిషి.
ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, ఉలి పట్టడు.
డాబా మీద పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చుని
చెబుతాడు. చేసేది నేను.
"మేకును పీకబాకమ్మా, ఒప్పించు.
ముందు కొంచెం లోపలికే కొట్టు.
దాని రోషం తగ్గినాక అదే వస్తుంది."

నలభై ఒక్క మేకుల్ని ఒప్పించాను.
రాతి మీద పెట్టి వంకర తీసి
కొబ్బరినూనె డబ్బాలో వేస్తుంటే
ఎదురింటి బాల్కనీ విసుక్కుంది,
ఆదివారం కూడానా అని.

తలుపు బయటి వైపు ఆకుపచ్చ,
గీకితే నీలం, ఇంకా గీకితే ఎరుపు.
ఓనరు మారినప్పుడల్లా ఒక రంగు.
లోపలి వైపు ఏ ఓనరూ పట్టించుకోలేదు.
అక్కడ, గడియ పక్కన, పెన్సిలు గీతలు:
ఏడో వాటా మునెమ్మ
వరండాలో దీపం ఆరిపోయినా
బకెట్టు కింద పెట్టి రాసుకున్న లెక్క,
ఆ వేసవి ట్యాంకరు వచ్చిన రోజులు.
తొమ్మిది.
గరుకు కాగితం అక్కడ ఆగిపోయింది.
మామ ఏమీ అనలేదు. వార్నిష్ మాత్రం
ఆ చోట రెండు పూతలు ఎక్కువ వెయ్యమన్నాడు.

నానిన జానెడు కోసేశాను.
కాళ్ళు కావాలి.
రెండు, దోమతెర మంచం కర్రలవి.
మిగతా రెంటికీ
మూలన పడున్న రోకలిని నడిమికి కోశాను.
రంపం సగం దిగేసరికి
ఎన్నటిదో ఎండుమిరప ఘాటు లేచింది.
మామ మూడుసార్లు తుమ్మాడు,
"మీ అవ్వ ఇంకా దంచుతానే ఉండాది" అన్నాడు.

బల్ల నిలబడింది. సరిగ్గా అంటే సరిగ్గా కాదు,
రోకలి కాలు వైపు కొంచెం ఊగుతుంది.
గడియ రంధ్రంలోంచి
మా పిల్లవాడి రబ్బరు ముక్కలు కింద పడుతుంటాయి.

నిన్న మునెమ్మ వచ్చింది,
కన్నగి నగర్ నుంచి రెండు బస్సులు మారి.
ఇడ్లీ తింటూ తింటూ
ఎడమ చేతి వేలు ఆ రంధ్రంలోకి పోయింది.
వేలే ముందు గుర్తుపట్టింది.
పళ్ళెం పక్కకు జరిపి
దబదబా బాదింది బల్లని:
"యారు ఉళ్ళే? బిన్నా బయటికి రా!"

ముగ్గురం నవ్వి నవ్వి నీళ్ళు తాగాం.
ఆ తలుపు ముందు ఎన్ని పొద్దులు నిలబడ్డామో,
తువ్వాలు భుజాన, సబ్బు పెట్టె చేతిలో.
కూర్చోవడం ఇదే మొదలు.

ఆమె గీతలు లెక్కపెట్టింది.
మళ్ళీ లెక్కపెట్టింది.
"పది కదా. ఒకటి తుడిపేసినావా?"
లేదన్నాను.
"ఒక రేయి రెండు గంటలప్పుడు వచ్చె ట్యాంకరు.
కరెంటు లేదు, పెన్సిలు దొరకలా.
తెల్లారి గీద్దామనుకుంటి."

పెన్సిలు ఇచ్చాను.
వార్నిష్ మీద గీత పడలేదు.
డబ్బాలోంచి ఒక మేకు తీసిచ్చాను.

ఆమె వంగింది. బల్ల ఊగింది.
అంత పనీ పాడవుతుందని అరవబోయిన మామ
లేచి వచ్చి,
వణికే ఆ చేత్తోనే
కదలకుండా పట్టుకున్నాడు.